నూకాలత్త ఎదురొచ్చిన రోజు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవై అయిదుకి ఇది మొదలైంది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది గానీ అది అయిదు నిమిషాలు ముందుంటుంది. ఇంట్లో ఆ సంగతి గుర్తుపెట్టుకునేది నేనొక్కదాన్నే. కూర్మన్నపాలెంలో మా అమ్మాయి ఇంట్లో, హాల్లో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాను. ఇంటర్ చదివే మనవరాలు సింధు సోఫాలో బోర్లా పడుకుని ఇటుకంత పుస్తకం ఒకటి చదువుకుంటోంది. ఉన్నట్టుండి లేచి కూర్చుని "అయ్యో" అంది. ఎవరో పోయారన్న కబురు విన్నట్టు అంది.

"ఏమైందే?"

"మొదటి పుస్తకంలోనే చెప్పేసింది అమ్మమ్మా. ఎవరూ వినలేదు. నేను కూడా వినలేదు."

అడిగితే కథ చెప్పింది. లేని రాజ్యాలు, మాట్లాడే కొండలు, మంత్రాలు. మొత్తం ఆరు పుస్తకాలట, అయిదు వచ్చాయట. అందులో మతి సరిగ్గా లేదని అందరూ అనుకునే ఆడమనిషి ఒకతె ఉంది. జరగబోయేది ముందే చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు, కథ ముందుకు వెళ్ళిపోతుంది. అయిదో పుస్తకానికి వచ్చేసరికి ఆమె అన్నవన్నీ ఒక్కొక్కటే జరుగుతున్నాయి. సింధు మొదటి పుస్తకం తెచ్చి వెతికి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. "వంకర అక్షరాల్లో ఉంటే పాటలేమో అనుకుని దాటేశాను అమ్మమ్మా" అంది.

"ఆమెని ఎందుకు నమ్మలేదు వాళ్ళు?"

"ఒకసారి తప్పు చెప్పింది. ఒక్కసారే."

నా చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. నూకాలత్త గురించి ఈ పిల్లకి నేను ఎప్పుడూ చెప్పలేదు. దీని తల్లికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, తేదీ లేకుండా ఏదీ రాయడం నాకు ఇష్టం ఉండదు. కానీ మా ఇంట్లో ఆ రోజుల్లో తేదీలు రాసుకునేవాళ్ళు లేరు. నూకాలత్త ఎదురొచ్చింది దీపావళి వెళ్ళాక వచ్చిన గురువారం అని మాత్రం ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే కాల్చకుండా దాచుకున్న మతాబాలు ఆ రోజు గాలివానకి తడిసిపోయాయి.

మా ఇల్లు ఇసకలో ఉండేది. ఎదురుగా సముద్రం, కుడివైపు యారాడ కొండ, దాని మీద దీపస్తంభం. రెండు తాటాకు పాకలు. ముందు పాకలో వంటా, పడకా. వెనక పాకలో వలలు, ఉప్పు, నూకాలత్త. ఆమె మా నాన్నకి అప్ప, అంటే అక్క. ఆమె భర్త సముద్రం మీద పోలేదు, పోర్టులో మూటలు మోస్తూ జ్వరం తగిలి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చి ఎండుచేపల పని ఎత్తుకుంది. పొద్దున్నే చేప చీరి, కడిగి, ఉప్పు పట్టించి ఇసక మీద పరిచేది. ఎండ నడినెత్తికి వచ్చేటప్పటికి తిరగేసేది. కాకుల్ని తోలడానికి ఆమె పక్కన ఒక వెదురుకర్ర. ఆ వాసన మా జుట్టుకీ, పరుపుకీ, పలకకీ పట్టి ఉండేది. బడిలో ముక్కు మూసుకునే పిల్లల వల్ల నాకు ఆ సంగతి తెలిసింది, అప్పటిదాకా ప్రపంచమంతా అలాగే వాసన వేస్తుందనుకున్నాను.

ఇంటికి పెత్తనం మా మామ్మది, అంటే నాన్న తల్లిది. ఆమె అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూనే అందరికీ పనులు చెప్పేది. మా ఇంట్లో ఆజ్ఞలన్నీ పొగతో కలిసే బయటికి వచ్చేవి. తెల్లవారి తెప్పలు దించే వేళకి ఆమె లేచి, వెనక పాక తలుపు మీద గరిటెతో ఒకసారి కొట్టేది. నూకాలత్త బయటికి రాకూడదని దానర్థం. మొగుడు పోయిన మనిషి సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి ఎదురు రాకూడదు. తెప్ప కెరటాలు దాటి అవతల పడ్డాక మామ్మ మళ్ళీ ఒకసారి కొట్టేది. అప్పుడు అత్త వచ్చి చీపురు అందుకునేది. ఒకవేళ పొరపాటున ఎదురుపడితే దానికి విరుగుడు ఉంది. బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, కొత్తగా బయల్దేరాలి. దీన్ని ఎవరూ క్రూరమనుకోలేదు, అత్త కూడా అనుకోలేదనే నా నమ్మకం. ఆ తలుపు చప్పుడు మాకు కోడికూత లాంటిది.

ఇక కథ సంగతి. మల్కాపురంలో అత్త ఎండుచేపలు వేసే ఇళ్ళలో ఒక గుమాస్తాగారి ఇల్లుండేది. ఆ ఇల్లాలు చేపలు చుట్టుకోమని పాత వారపత్రికలు ఇచ్చేది. వాటిలో ఒక రాజుల కథ వారం వారం వచ్చేది. నల్లకోట అనే రాజ్యం, గుర్రమెక్కే రాకుమారి, విషం కలిపే మంత్రి. పేటలో ఆడవాళ్ళలో చదవడం వచ్చింది నాకొక్కదానికే, అదీ కూడబలుక్కుని. మధ్యాహ్నం పని తెమిలాక అందరూ మా పాక నీడలో చేరేవారు. నేను మధ్యలో కూర్చుని చదివేదాన్ని. సంచికలు వరసగా దొరికేవి కావు. చచ్చిపోయిన సేనాపతి మళ్ళీ వారం బతికి వచ్చేవాడు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆ కథలో బూడిదమ్మ అని ఒక ముసలామె ఉండేది. రాజుగారి వంటశాల వెనక బూడిదకుప్ప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పేది. ఎప్పుడో కోట తగలబడుతుందని చెబితే తగలబడలేదు, అప్పట్నుంచి ఆమె మాటకి విలువ లేదు. ఆమె మాటలు వచ్చినప్పుడల్లా పక్కింటి పైడమ్మ విసుక్కునేది. "ఓలే గుంటా, ఆ ముసిల్దాని గోల ఒగ్గీ. కత్తియుద్దం సదువు." నేను ఒక పేరా దాటేసి కత్తియుద్ధం చదివేదాన్ని. అందరూ వెళ్ళాక నూకాలత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చునేది. "ఇందాకల ఒగ్గీసినావు గదా, అది సదువు" అనేది.

రెండు నెలలు గడిచేసరికి బూడిదమ్మ అన్నవి జరగడం మొదలెట్టాయి. యువరాజుకి విషం పెట్టారు, ఉత్తరపు ద్వారం కూలింది. ఆడవాళ్ళందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అత్త మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆవిడకి జోస్యం ఏటీ రాదే" అంది నాతో. "వంటింటి ఎనక కూకున్నాది గదా. ఎవులు ఏ గిన్నె అట్టుకెల్తన్నారో సూత్తన్నాది. సూసింది సెప్తన్నాది. ఇనీవోలు నేరు, అంతే."

ఆ బుధవారం సాయంత్రం, దీపం పెట్టే ముందు, నాన్నా చిన్నాన్నా వాకిట్లో వల బాగుచేసుకుంటున్నారు, మామ్మ గుమ్మంలో చుట్ట కాలుస్తోంది. పైడమ్మ మొగుడు గురువులు కూడా వచ్చి కూర్చున్నాడు. గురువులు మా పేటలో అందరికంటే నవ్వించే మనిషి. అతనికి ఇద్దరు తమ్ముళ్ళు, ముగ్గురూ ఒకే తెప్ప మీద వెళ్ళేవారు. అత్త చేపల బుట్ట దించి నిలబడి చెప్పింది.

"తమ్ముడూ, రేపు తెప్ప దింపకురా. రెండ్రోజులై ఎండలో పెట్టిన సేప మెత్తగానే ఉన్నాది. ఉప్పు సెమట పడతన్నాది. గాలి సూస్తే నేదు, కెరటం మాత్రం సేపలెండబెట్టిన కాడికి ఎక్కొచ్చీసినాది. ఎక్కడో పెద్దగాలి తిరుగుతన్నాది."

"కెరటం లేత్తే సేప కూడా లేత్తాది అప్పా" అన్నాడు నాన్న, వల మీంచి తల ఎత్తకుండా. "పోయినేడూ ఇలగే సెప్పినావు. మేం ఇంట్లో కూకున్నాం. ఊరంతా కవళ్ళ సేపలు బుట్టల్తో మోసుకొచ్చినారు."

అది నిజమే. ఆ సంగతి తర్వాత నెల రోజులు మామ్మ అత్తకి కూర వడ్డించేటప్పుడల్లా గుర్తుచేసింది.

"ఈసారీ తప్పవ్వొచ్చురా. గాలి ఇటు రాకుండా పోవచ్చు. వత్తే మటుకు మీరు మద్దెలో ఉంటారు."

గురువులు పగలబడి నవ్వాడు. "ఓలప్పా, బూడిదమ్మ ఒంటిమీదికొచ్చినాదేటి నీకు?"

గోడవతల్నుంచి పైడమ్మ అందుకుంది. "గుడి కట్టీయండి అప్పకి! కొబ్బరికాయలు నాను తెత్తాను."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అత్త బుట్ట ఎత్తుకుని వెనక పాకలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది.

గురువారం తెల్లవారింది. ఆకాశం ఎర్రగా ఉంది. గాలి బొత్తిగా లేదు, కెరటాల చప్పుడు మాత్రం పాకలోకి వచ్చి పడుతోంది. మామ్మ లేచి వెనక తలుపు మీద గరిటెతో కొట్టింది. మిగతా తెప్పలు అప్పటికే దిగిపోయాయి. మా నాన్నా చిన్నాన్నా తెడ్లు భుజాన వేసుకుని, వల మోసుకుని బయల్దేరారు. వాళ్ళ వెనక గురువులు, అతని తమ్ముళ్ళు. నేను చద్దన్నం కుండ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

దారి మధ్యలో నూకాలత్త నిలబడి ఉంది.

ముసుగు లేదు, పక్కకి ఒదగలేదు. సరిగ్గా దారికి అడ్డంగా, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ నిలబడింది. మామ్మ నోట్లోంచి చుట్ట జారిపోయింది. గురువులు థూ అని పక్కకి ఉమ్మాడు. నాన్న ఆమె వంక చూడనుకూడా చూడకుండా వెనక్కి తిరిగాడు. అందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నాన్న కాళ్ళ మీద పోసింది. నాన్న పీట మీద కూర్చుని గుక్కెడు తాగాడు. చిన్నాన్న తాగాడు. "సూసుకోనేదు కాబోలు" అంది మామ్మ, ఎవరితోనూ కాదు. "నోపలికెల్లే నూకాలూ" అని బయటికి ఒక కేక వేసింది.

వాళ్ళు మళ్ళీ బయల్దేరారు. అత్త అక్కడే ఉంది.

ఈసారి మామ్మ శాపనార్థాలు మొదలెట్టింది. నాన్న పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. నేను పరిగెత్తి అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె మా గుమ్మం మీంచి కన్ను తిప్పకుండానే అంది.

"సూసినావేటే? మాట సెప్తే నవ్వినారు. ముండమోపి ఎదురొత్తే ఆగినారు."

అప్పుడే గురువులు, తమ్ముళ్ళిద్దరూ వాళ్ళింటి వెనక నుంచి రేవుకి దిగడం కనిపించింది. అటు ఇంకో కాలిబాట ఉంది, ముళ్ళకంప వల్ల ఎవరూ వాడరు. గురువులు కంప తొక్కుకుంటూ వెళ్తూ మా వైపు తెడ్డు ఊపి నవ్వాడు. "అప్పా! ఈ దారికి బూడిదమ్మ నేదు!" అన్నాడు.

"అత్తా, నాను ఎల్లి అడ్డంగా నిలబడతాను" అన్నాను.

"నువ్వు కన్నెపిల్లవే. నువ్వు ఎదురొత్తే మంచి శకునం అనుకుంటారు. ఇంకా ఉసారుగా ఎల్తారు."

ఆమె ఆ కంపదారి వంక చూసింది. మా గుమ్మం వంక చూసింది. పరిగెడితే గురువులుని అందుకోగలదు, దూరం అంత ఎక్కువేమీ కాదు. కానీ ఆ క్షణంలోనే నాన్న గుమ్మంలోకి వచ్చాడు. అత్త కదల్లేదు.

నాన్న ఈసారి ఆగలేదు. ఆమెకి చెయ్యి చాపితే అందేంత దూరం దాకా వచ్చాడు.

"తప్పుకో అప్పా."

"తప్పుకోను."

"తోసుకుని ఎల్తాను."

"తోసీ. నన్ను ముట్టుకుని ఎల్లి తెప్పెక్కు. ఎక్కుతావేటి?"

నాన్న తెడ్డు పైకెత్తాడు. కొడతాడనే అనుకున్నాను. మామ్మ కూడా అనుకున్నట్టుంది, అరవడం ఆపేసింది. ఆ తెడ్డు అలా గాల్లో ఎంతసేపు ఉందో నాకు తెలియదు, లెక్కపెట్టే తెలివి అప్పుడు లేదు. చివరికి దాన్ని ఇసకలోకి విసిరేశాడు. వల కూడా కింద పడేశాడు. "ఈపొద్దు మనది కాదురా" అని తమ్ముడితో చెప్పి లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నాన్న ఆగింది అత్త మాట విని కాదు. ఆమె చెప్పినదానికి ఎవరూ ఏమీ చేయలేదు, చెప్పిన మనిషికి మాత్రం రెండుసార్లు విరుగుడు చేసుకున్నారు.

మధ్యాహ్నానికి గాలి వచ్చింది. ముందు తాటాకులు లేచాయి, తర్వాత ఇసక లేచింది, ఆ తర్వాత కొండ కనిపించడం మానేసింది. ముందుగా వెళ్ళిన తెప్పలు గాలి మొదటి విసురుకే తిరిగి, ఒకటి అటూ ఒకటి ఇటూ చెదిరిపోయినా సాయంత్రానికి అన్నీ ఏదో ఒక ఒడ్డు పట్టుకున్నాయి. వాళ్ళు దగ్గర నీళ్ళలోనే ఉన్నారు. గురువులు ఆలస్యంగా బయల్దేరాడు కదా, దగ్గర నీళ్ళలో అప్పటికే అందరూ వలలు వేసేసి ఉన్నారు. అందుకని వాళ్ళని దాటుకుని దూరం వెళ్ళాడట. వచ్చినవాళ్ళు చెప్పారు. దాటుకుని వెళ్తూ కూడా ఏదో పరాచికమాడి వెళ్ళాడట.

మూడో రోజు తెప్ప దుంగ ఒకటి మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

పైడమ్మ మా వాకిట్లోకి వచ్చి పడింది. "నా మొగుడికి ఎదురొచ్చినావు. నా మరుదులికి ఎదురొచ్చినావు. నీ తమ్ముల్ని నోపల దాసుకుని, నావోల్ని తినీసినావు" అని ఇసక తీసి అత్త ముఖాన కొట్టింది. పేట అంతా చుట్టూ నిలబడి ఉంది. చేప మెత్తబడిందనీ, ఉప్పు చెమర్చిందనీ అత్త చెప్పిన మాట విన్నవాళ్ళు, పైడమ్మా నేనూ కాక, అందులో ముగ్గురున్నారు. మామ్మ ఉంది, చిన్నాన్న ఉన్నాడు, నాన్న ఉన్నాడు. ఒక్కరు కూడా "ముందే చెప్పింది" అనలేదు. పెద్దలు కూర్చుని, ఆమె రేవు మీద ఉండడానికి వీల్లేదన్నారు. నాన్న తల ఊపాడు.

అత్తని ఆనందపురం పంపించారు. అక్కడ ఆమె భర్త తరఫువాళ్ళు మెట్టపొలం చేసుకునేవారు. బయల్దేరే ముందు ఆమె మూట కట్టుకుంటుంటే నేను పక్కన కూర్చున్నాను. ఆ దారికి ఎందుకు పరిగెత్తలేదని అడిగాను. నా వయసుకి అది మామూలు ప్రశ్నే అనుకున్నాను.

"రెండు దార్లకి ఒక్క ముండమోపి సాల్దే అమ్మా" అంది. ఆ తర్వాత మూట ముడి విప్పి, మళ్ళీ కట్టింది. గట్టిగా కట్టిన ముడే అది.

ఆనందపురంలో ఆమె పదమూడేళ్ళు బతికింది. మిరపతోటల్లో కూలికి వెళ్ళేది. నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళే ముందు ఒకసారి చూసి వచ్చాను. సముద్రం ఎలా ఉందని అడగలేదు, తమ్ముడు సముద్రం మీదికి వెళ్తున్నాడా అని అడిగింది. వెళ్తున్నాడని చెప్పాను. "మంచిది" అంది. మా నాన్న ముసలితనం వచ్చేదాకా వేటకి వెళ్ళాడు, మంచం మీద పోయాడు. బతికున్నన్నాళ్ళూ దీపావళి వెళ్ళాక ఏదో ఒక పూట, "అప్ప ఎదురు రాకపోయుంటే గురువులు బతికీవోడు" అనేవాడు. కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుకుంటూ అనేవాడు.

ఆ లెక్క నేను చాలాసార్లు వేశాను. అత్త అడ్డం రాకపోతే గురువులు అందరి వెనకే వెళ్ళేవాడు, దగ్గర నీళ్ళలో ఉండేవాడు, బహుశా తిరిగి వచ్చేవాడు. అప్పుడు మా నాన్న కూడా వెళ్ళేవాడు, బహుశా తిరిగి వచ్చేవాడు. బహుశా అన్న మాట పెట్టి లెక్క కట్టకూడదని నేను పిల్లలకి చెప్పేదాన్ని. ఆమె మాట మొదటిరోజే వినుంటే బహుశాల అవసరమే ఉండేది కాదు.

సింధు ఇదంతా విని పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "ఇప్పుడైతే ఇలా జరగదు కదా అమ్మమ్మా" అంది. జరగదనే అన్నాను. ఇప్పుడు గాలి పుట్టకముందే ఫోన్లు మోగుతాయి. హార్బరులో మైకులో చెబుతారు, బోట్లు కట్టేస్తారు. చేప మెత్తబడిందో లేదో చూసేవాళ్ళు అక్కర్లేదు. కానీ మొన్న మా బంధువుల పెళ్ళిలో, పెళ్ళికొడుకు కారెక్కే వేళకి ఒకావిడ నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, "పిన్నిగారూ, మీరు లోపలి గదిలో కూర్చోండి, అక్కడ ఏసీ ఉంది" అంది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. నేను లేచి వెళ్ళి కూర్చున్నాను. చల్లగానే ఉంది. గరిటె చప్పుడుకీ ఆ మర్యాదకీ మధ్య తేడా ఎంత అని అక్కడ కూర్చుని ఆలోచించాను. తేడా ఉంది. అంత పెద్దదేమీ కాదు.

"మరి ఆ గురువారం మొత్తం ఏం పోయింది?" అని అడిగింది సింధు. అది నా మనవరాలే.

పోయినవి ఇవి. తెప్ప ఒకటి. గురువులు. అతని పెద్దతమ్ముడు. చిన్నతమ్ముడు. ఆ వారంలోనే, పైడమ్మ కడుపులో అయిదో నెల పిండం. మా ఇంటి నుంచి నూకాలత్త.

మా నాన్న ఈ లెక్కలో లేడు.